రెండో భాగం కొనే ముందు కాస్త ఆగండి

మా అక్క కూతురికి పద్నాలుగేళ్లు నిండిన వేసవిలో సెలవులకని మా ఇంటికి వచ్చింది. బ్యాగులో బట్టలకన్నా పుస్తకాలే బరువు. వాటిలో ఒకటి తీసి చూపించి, "పిన్నీ, దీని తర్వాతి భాగాలు కొనిపెట్టవా?" అంది. అట్ట మీద కత్తి, దానికి చుట్టుకున్న గులాబీ తీగ, బంగారు రంగు అక్షరాలు. మర్నాడు షాపుకెళ్తే టీనేజ్ షెల్ఫులోనే కనిపించాయి. ఇంకేం చూస్తాను, మిగతా నాలుగు భాగాలకీ బిల్లు వేయించేశాను. ఆ రాత్రి దానికి ఇచ్చే ముందు సరదాకి రెండో భాగం తెరిచాను. సగానికి వచ్చేసరికి చెవులు వేడెక్కి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. అది పిల్లల పుస్తకం కాదు. నాలుగూ బీరువా పైకెక్కాయి. "స్టాక్ లేదట" అని రెండు వారాలు అబద్ధమాడాను.

తర్వాత పౌరుషం వచ్చింది. ప్రేమా, మాయా కలిపి వండే ఈ 'రొమాంటసీ' నవలల సంగతేమిటో తేల్చుకుందామని నేనే చదవడం మొదలుపెట్టాను. మూసారాంబాగ్ నుంచి మియాపూర్‌కి మెట్రోలో పోనూ రానూ గంటన్నర పడుతుంది. ఆ టైమంతా ఇప్పుడు యువరాజులకీ డ్రాగన్లకీ పోతోంది. చదవగా చదవగా కొనే ముందు చూసుకునే పద్ధతి ఒకటి కుదిరింది. పిల్లల కోసం కొనేవాళ్లకీ, తమ కోసమే కొంటూ పిల్లల కోసమని చెప్పేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు వయసు

టీనేజ్ పుస్తకాల మీద కనిపించే 'యంగ్ అడల్ట్' అన్న మాటకి అర్థం సుమారుగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పాఠకుల కోసం అని. అయితే అది పబ్లిషర్ అతికించుకున్న పేరు. సినిమాలకి ఉన్నట్టు పుస్తకాలకి సెన్సార్ సర్టిఫికెట్ ఏమీ ఉండదు. పైగా ఆ పేరు మారిపోతుంది కూడా. సారా జె. మాస్ రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో వచ్చినప్పుడు టీనేజ్ పుస్తకంగానే అమ్మారు. 2020లో అట్టలు మార్చి పెద్దవాళ్ల విభాగంలోకి తెచ్చారు. (నేను బీరువా ఎక్కించింది అది కాదు, దాని దూరపు చుట్టం లాంటిది.) పాత అట్టతో ఉన్న కాపీలు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, అట్ట చూసి మోసపోవడం చాలా తేలిక. 2023లో ఊపేసిన 'ఫోర్త్ వింగ్' కూడా పెద్దవాళ్ల నవలే. డ్రాగన్లున్నాయి, కాలేజీ ఉంది, ఇంకేం పిల్లలదే అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

మరి తెలుసుకోవడం ఎలా? వెనక అట్ట మీద హీరోయిన్ వయసు వెతకండి. పదహారూ పదిహేడూ అయితే చాలావరకు టీనేజ్ పుస్తకమే. పంతొమ్మిదీ ఇరవై అయితే ఒక్క నిమిషం ఆగండి. 'న్యూ అడల్ట్' (టీనేజ్ దాటినవాళ్ల కోసం), 'మెచ్యూర్' అన్న మాటలుంటే పద్నాలుగేళ్ల పిల్లకి వద్దు. పాఠకుల రివ్యూల్లో 'స్పైసీ' అని రాయడమో, మిరపకాయ బొమ్మలు పెట్టడమో చేస్తుంటారు. ఒక మిరపకాయ అంటే ముద్దులు. నాలుగు మిరపకాయలంటే నాలాగా మంచినీళ్లకి లేవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, మొదటి భాగం చూసి సిరీస్ మొత్తానికీ తీర్పు ఇవ్వకండి. భాగాలు పెరిగేకొద్దీ హీరోయిన్ వయసుతో పాటు మిగతావీ పెరుగుతాయి. నేను బోల్తా పడింది అక్కడే.

అబ్బాయి రాకముందు అమ్మాయి ఏం చేస్తోంది?

నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. షాపులో నిలబడి పది నిమిషాల్లో చేసేయొచ్చు. మొదటి పేజీ నుంచి చదువుతూ, నల్లటి కోటు వేసుకుని ఆ మగమహారాజు ప్రవేశించేదాకా వెళ్లండి. ఈలోపు ఆ అమ్మాయికి ఒక పని ఉందా? తీర్చాల్సిన అప్పో, చూసుకోవాల్సిన తమ్ముడో, నేర్చుకుంటున్న విద్యో, దాచుకున్న అబద్ధమో? ఉంటే పుస్తకం తీసుకోండి. అద్దంలో చూసుకుని 'నేనేమంత అందగత్తెను కాను' అనుకోవడం తప్ప ఇంకేమీ లేకపోతే, వచ్చేవాడి కోసం ఆ పిల్లని ఖాళీగా కూర్చోబెట్టారన్నమాట. ఐదు వందల పేజీలూ అలాగే కూర్చుంటుంది.

2008లో వచ్చిన 'ది హంగర్ గేమ్స్' నాకు ఎందుకు నచ్చిందంటే, అందులో ప్రేమ కూడా ఆకలి లెక్కలోనే వస్తుంది. హీరోయిన్ కాట్నిస్ వేటాడి ఇంటిల్లిపాదినీ పోషిస్తుంటుంది. ఒక్కరే ప్రాణాలతో మిగలాల్సిన టీవీ పోటీలో చెల్లెలికి బదులు తను బరిలోకి దిగుతుంది. అక్కడ కెమెరాల ముందు తనూ, తోటి పోటీదారు పీటా ప్రేమికుల్లా కనిపిస్తే స్పాన్సర్లు మందూ తిండీ పంపిస్తారు. దాంతో ఆమె పెట్టే ముద్దులో ప్రేమ ఎంత, సూపు గిన్నె ఎంత అన్నది చదివేవాళ్లకే కాదు, ఆమెకీ సరిగ్గా తెలియదు. ఆ అబ్బాయిని తీసేసినా ఆమెకి కథ మిగులుతుంది. ఉన్నాడు కాబట్టి ఇంకా చిక్కబడింది.

పొగరుబోతు వేరు, దుర్మార్గుడు వేరు

ఎనిమీస్ టు లవర్స్, అంటే శత్రువులే ప్రేమికులయ్యే కథ అని ఈ కాలం పిల్లలు ఊగిపోయేది మాకేం కొత్త కాదు. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి, బైండు చేయించి ట్రంకు పెట్టెలో దాచుకుంది. వాటిలో హీరో ఆరడుగులవాడు, కారున్నవాడు, మొదటి పది వారాలూ హీరోయిన్‌తో మర్యాదగా ఒక్క ముక్క మాట్లాడడు. ఇప్పుడు కారు పోయి రెక్కలొచ్చాయి, అంతే తేడా.

పొగరుతో నాకు పేచీ లేదు. నేను చూసేది ఒక్కటే: ఆమె 'వద్దు' అన్న చోట వేలు పెట్టి, తర్వాత రెండు మూడు పేజీలు చదువుతాను. ఆగాడా? ఆగకపోతే కథ దాన్ని తప్పుగా చూపించిందా, లేక 'ఎంత ప్రేమో' అని మురిసిపోయిందా? అతను క్షమాపణ అడిగితే సరిపోదు, ఆ తర్వాత ఏదో ఒకటి మారాలి. తలుపు తాళం ఆమె చేతికి ఇవ్వాలి, దాచిన నిజం చెప్పాలి, అలాంటిది ఏదైనా.

వయసు తేడా సంగతి ఇంకో తమాషా. 2005 నాటి 'ట్వైలైట్'లో హీరో ఎడ్వర్డ్ రక్తపిశాచి, పుట్టింది 1901లో. పదిహేడేళ్ల దగ్గర ఆగిపోయాడు కాబట్టి ఇంకా స్కూల్లో చదువుతుంటాడు. నూరేళ్లు దాటినవాడికి పదిహేడేళ్ల పిల్లతో ఏం మాటలుంటాయని నేనంటే, "పిన్నీ, నువ్వు పెళ్లిచూపులకొచ్చిన పెద్దమ్మలా మాట్లాడకు. చదువుతుంటే బాగుంటుంది, అంతే. నాకు అలాంటివాడు నిజంగా కావాలని కాదుగా" అంది. అదీ నిజమే. కథలో విలన్ నచ్చడానికీ బయట అలాంటివాడి బండెక్కడానికీ మధ్య దూరం వాళ్లకి మనం అనుకున్నదానికన్నా బాగానే తెలుసు. కాబట్టి ఈ పరీక్షలో ఫెయిలైన పుస్తకాన్ని లాక్కోను. చదివాక దాని గురించి పోట్లాడతాను.

మాయకి షరతు ఉండాలి

చందమామలో బేతాళ కథలు చదివినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రెండే వాక్యాల్లో షరతు తేలిపోయింది, ఎన్ని కథలు చెప్పినా ఆ రెండు వాక్యాల మీదే నడిచింది. మంచి ఫ్యాంటసీకి కావలసింది ఇదే. మంత్రం వేస్తే ఏం పోతుంది? రక్తమా, జ్ఞాపకమా, ఆయుష్షా? మొదటి వంద పేజీల్లో ఆ షరతు ఎక్కడైనా కనిపిస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. చివర్లో అందరూ చచ్చిపోయేలా ఉన్నప్పుడు హీరోయిన్ ఒంట్లోంచి ఇంతకుముందు చెప్పని వెలుగు ఒకటి బయటికొచ్చి శత్రువులంతా బూడిదైపోతే, ఆ రచయిత పుస్తకం ఇంకోటి కొనకండి.

రొమాంటసీ అన్న పేరు కొత్తదే గానీ ఆ సరుకు మనకి పాతదే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథల్లో మణిసిద్ధుడు కాశీకి పోతూ, వెంట వచ్చే గోపకుమారుడికి మజిలీ మజిలీకీ కథ చెబుతాడు. రాకుమార్తెలు, సిద్ధులు, విరహాలు, మాయలు, అన్నీ ఉన్నాయి. భాష కాస్త కొరుకుడు పడాలి.

ఇంగ్లిష్‌లో చదివేవాళ్లకి చిన్న చిట్కా. ఈ పుస్తకాల్లో ఒక్కో పేరులోనే అక్షరాల మధ్య పైన కామాలు (అపాస్ట్రఫీలు) వేలాడుతుంటాయి, ఎలా పలకాలో దేవుడికే తెలియాలి. నేను ఒక చీటీ మీద ఆ పేర్లు నాకు తోచినట్టు తెలుగులో రాసుకుని, పక్కన 'రాణి చెల్లెలు', 'నమ్మకూడదు' అని గుర్తు పెట్టుకుంటాను. ముందు పేజీల్లో ఉండే మ్యాప్ జోలికి మొదట్లో వెళ్లను. ఎవరైనా ప్రయాణం కట్టినప్పుడు చూస్తే చాలు.

డబ్బు సంగతి

మొదటి భాగం ఒక్కటే కొనండి. సెట్టు చవగ్గా వస్తుందన్నా సరే. సిరీస్ పూర్తయిందో లేదో చూసుకోండి, లేకపోతే కథ ఉత్కంఠలో ఆగిపోయిన క్లిఫ్ హ్యాంగర్ దగ్గర వేలాడుతూ రెండేళ్లు కూర్చోవాలి. పైగా మధ్యలో అట్ట డిజైన్ మార్చేస్తారు, షెల్ఫులో మూడు ఒకలా, నాలుగోది ఇంకోలా ఉంటే పిల్లలకి అదో పెద్ద టెన్షన్. అది కూడదనుకుంటే ఒక్క పుస్తకంతోనే కథ ముగిసే స్టాండలోన్ వెతకండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తవ్వితే ఈ తరహావి దొరుకుతుంటాయి. వీపు మీద ఎన్నో భాగమో అంకె చూడండి. ఎక్కడ కొన్నా అక్షరాలు మసకగా, కాగితం మరీ పల్చగా ఉంటే దొంగ ప్రింటు అయ్యుండొచ్చు. నడుమ ఇరవై పేజీలు తిరగేసి, అన్నీ ఉన్నాయో లేదో చూశాకే డబ్బులివ్వండి.

ఇంత చూసినా కొన్ని ముందుకి సాగవు. వదిలేయండి. అమెరికాలో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ చెప్పిన లెక్క ఉంది: ఏ పుస్తకానికైనా యాభై పేజీలు అవకాశమివ్వాలి, మీకు యాభై దాటితే నూటిలోంచి మీ వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చాలు. మా అమ్మకి అరవై ఎనిమిది. ముప్పై రెండు పేజీలన్నమాట. డ్రాగన్ల పుస్తకం ఒకటి ఇస్తే పన్నెండో పేజీలోనే మూసి, "ఈ అబ్బాయి చివరికి మంచివాడే అవుతాడులే" అంది. అయ్యాడు.

ఆ నాలుగు భాగాలూ ఇంకా బీరువా మీదే ఉన్నాయి. న్యూస్ పేపర్ చుట్టి, పైన మా అక్క కూతురి పద్దెనిమిదో పుట్టినరోజు తేదీ రాశాను. అది చూసి, "సరే, అప్పటిదాకా నువ్వు మాత్రం చదవకు" అని మాట తీసుకుంది. అప్పటికే మూడోది అయిపోయింది.