రొన్దా బొగ్గు లోయను బంకమట్టితో చేయడం

కొండ చూడని కోనసీమ పిల్లలు కొండ చేస్తే గడ్డివామే వస్తుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉన్న రొన్దా లోయ కొండలకు తల చదును, పక్కలు నిటారు. పైపొర గట్టి ఇసుకరాయి. మంచుయుగంలో హిమానీనదాలు లోయ అడుగును తొట్టిలా దొలిచాయి. ఈ ఆకారం కుదిరితే సగం పని అయినట్టే.

3×2 అడుగుల 12 మి.మీ. ప్లైవుడ్‌కు ముందే రెండువైపులా ఆయిల్ పెయింట్ వేయండి, లేకపోతే తడికి వంగుతుంది. నేల మీది దూరానికి 1 సెం.మీ.కు 250 మీటర్లు. ఎత్తుకు మాత్రం 1 సెం.మీ.కు 50 మీటర్లు పెట్టండి. ఒకే కొలత వాడితే 600 మీటర్ల క్రైగ్ ఎ హ్లిన్ శిఖరం రెండున్నర సెం.మీ. కూడా లేవదు, ఇలాగైతే 12 వస్తుంది. ఎత్తును ఐదు రెట్లు పెంచినట్టు కింద రాయండి, నమూనాల పోటీలో జడ్జీలు అడుగుతారు. లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగుతుంది. దాన్ని పలక పొడవునా పెట్టి, ఉత్తరం బాణం ఏటవాలుగా గీయండి.

లోపల థర్మకోల్ ముక్కలు అంటించి, పైన ఒకటిన్నర సెం.మీ. మట్టి చాలు. బకెట్ బంకమట్టికి పావు బకెట్ ఇసుక, రెండు గుప్పెళ్లు తరిగిన కొబ్బరి పీచు. పీచు తగ్గితే నెర్రెలిస్తుంది. ఎండలో పెట్టినా అంతే, పైపొర ముందు ఆరి లాగేస్తుంది. నీడలో తడి గోనె కప్పి నాలుగు రోజులు ఆరనివ్వండి. పచ్చిగా ఉన్నప్పుడే కొబ్బరి ఈనెకు గంట్లు పెట్టి, గుచ్చి ఎత్తులు చూసుకోండి.

ధవళేశ్వరం దిగువన గోదావరి చీలడం చూసిన చేతులు ఇక్కడా పాయలు చీలుస్తాయి. ఇక్కడ కథ తిరగబడింది: రొన్దా వౌర్ (పెద్దది), రొన్దా వాఖ్ (చిన్నది) అనే రెండు ఏర్లు పోర్త్ ఊరి దగ్గర కలిసి, పాంటిప్రీద్‌లో టాఫ్ నదిలో పడతాయి.

జనాభాకు వడ్లగింజలు వాడండి, వంద మందికి ఒకటి. 1851లో రెండు వేల లోపు, అంటే 20 గింజలైనా రావు. 1911కి లక్షా 52 వేలు దాటారు, 1,500 పైచిలుకు. మధ్యలో 1856లో వౌర్ లోయలోని ట్రెహెర్బర్ట్‌కు రైలు వచ్చింది. గింజల్ని కుప్ప పోయకండి. చదునైన చోటు ఏటి ఒడ్డున సన్నటి పట్టీయే కాబట్టి ఇళ్లు బారులు తీరాయి. ఫెవికాల్‌తో అలాగే వరసగా అంటించండి.

గనులకు నల్ల అగ్గిపుల్లలు: పోర్త్ దిగువన ట్రెహేవడ్ (1983లో మూత, ఇప్పుడు మ్యూజియం), వాఖ్ లోయ తలలో మైర్డీ (1990 డిసెంబరులో మూత, రొన్దాలో చివరి గని). 1910 గని కార్మికుల అల్లర్ల జెండా టోనపాండీలో. 1966లో బొగ్గు చెత్తగుట్ట జారి 116 మంది పిల్లల్ని, 28 మంది పెద్దల్ని పొట్టన పెట్టుకున్న అబెర్‌వాన్‌ను మాత్రం ఇందులో చూపకండి. అది టాఫ్ లోయలోది.