వస్తువుకో కోడ్ – 3వ పాఠం: పొట్టి చిరునామా

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేశారా? కంటబడ్డ క్యూఆర్ కోడ్ ఏదైనా సరే, ఫోను కెమెరా దాని ముందు పట్టి, లింకు తెరవకుండా ముందుగా కనిపించే చిరునామాని కాగితం మీద రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లకి ఈపాటికి ఒక సంగతి తెలిసిపోయి ఉంటుంది. కోడ్‌లో వీడియో లేదు, పాట లేదు, ఫొటో లేదు. ఉన్నది ఉత్త చిరునామా. అందులోనూ ప్రశ్నార్థకం తర్వాత బారెడు తోక.

ఈ పాఠంలో ఆ తోక కోసేద్దాం.

మన ఉదాహరణ మొదటి పాఠం నుంచీ కుట్టుమిషనే. దారం ఎక్కించడం ఎలాగో చూపే మూడు నిమిషాల వీడియో తీసి పెట్టుకున్నాం. మిషన్ ముందు కూర్చున్న మనిషి ఫోను పట్టగానే అది రావాలి. వీడియోని క్లౌడ్‌లో దాచి, 'షేర్' నొక్కి, వచ్చిన లింకుని తెచ్చి కోడ్ తయారుచేసే చోట అతికిస్తే పని అయిపోతుంది కదా అనిపిస్తుంది. అయిపోతుంది, కానీ ఎక్కువ రోజులు నిలవదు. ఎందుకో చూడాలంటే ముందు కోడ్‌లోని నలుపు తెలుపు గళ్లు లెక్కపెట్టాలి.

క్యూఆర్ కోడ్‌కి 40 సైజులున్నాయి. వీటిని వెర్షన్లంటారు. వెర్షన్ 1 అంటే అడ్డం 21 గళ్లు, నిలువు 21 గళ్లు. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టుకి నాలుగేసి గళ్లు పెరుగుతూ పోయి 40వ వెర్షన్‌లో 177 దగ్గర ఆగుతాయి. అందులో 2,953 బైట్ల దాకా పడతాయి (ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు). అంత పెద్ద కోడ్‌ని ఫోనుతో చదివించడానికి ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి, సరదా తీరిపోతుంది. వస్తువుల మీద అతికించే పనికి మనం 2, 3 వెర్షన్లు దాటకుండా ఉండాలి. ఇది నా పట్టుదల, ఎవరూ పెట్టిన నియమం కాదు.

క్లౌడ్ ఇచ్చిన లింకులో 90 అక్షరాలున్నాయనుకోండి. దిద్దుబాటు స్థాయి మధ్యరకంలో ఉంచితే (ఆ స్థాయిల సంగతి కాసేపట్లో) అది వెర్షన్ 6లో పడుతుంది: 41 × 41, అంటే 1,681 గళ్లు. అదే వీడియోకి 23 అక్షరాల చిరునామా ఉంటే వెర్షన్ 2 చాలు: 25 × 25, అంటే 625 గళ్లు. రెండిటినీ రెండున్నర సెంటీమీటర్ల చదరంలో అచ్చు వేశారనుకుందాం. పొట్టి చిరునామాలో ఒక్కో గడి సరిగ్గా ఒక మిల్లీమీటరు. పొడుగు దానిలో 0.6 మిల్లీమీటరు. కాగితం మీద సిరా కాస్త పాకినా, వేలి జిడ్డు అంటినా, కెమెరా పట్టిన చెయ్యి వణికినా ముందు దెబ్బ తినేది ఆ 0.6 గడే.

ఇప్పుడు కోడ్‌ని దగ్గరగా చూడండి. మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలు. ఒకదాని మధ్యగా అడ్డంగా గీత గీస్తే నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు వస్తాయి. వాటి కొలతలు 1, 1, 3, 1, 1. నిలువుగా గీసినా ఐమూలగా గీసినా అదే పాళ్లు. జపాన్‌లో డెన్సో సంస్థలో మసహిరో హారా బృందం 1994లో ఈ కోడ్‌ని తయారుచేసింది, కార్ల విడిభాగాల లెక్క కోసం. అంతకుముందు వాడిన బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలకి మించి పట్టేవి కావు. ఒక్కో పెట్టె మీద బోలెడు బార్‌కోడ్‌లు అతికించి, పనివాళ్లు ఒక్కొక్కటే స్కాన్ చేయాల్సి వచ్చేది. కొత్త కోడ్ ఎక్కడుందో యంత్రం చప్పున కనిపెట్టాలంటే, మామూలు అచ్చులో దాదాపు ఎక్కడా కనపడని గుర్తు ఒకటి కావాలి. పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెల మీద అచ్చులు వెతికి వెతికి వాళ్లు పట్టుకున్న పాళ్లు అవి. కాబట్టి మూల చదరాల జోలికి వెళ్లకండి. గుండ్రంగా చేయడం, పువ్వులు పెట్టడం, రంగు మార్చడం చూస్తూనే ఉంటాం. కొన్ని ఫోన్లు సర్దుకుపోతాయి, కొన్ని పోవు.

తెలుగు అక్షరాల లెక్క

ఇది మన భాషవాళ్లకే ప్రత్యేకంగా తగిలే దెబ్బ, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. 'పుస్తకం' అన్న మాట తీసుకోండి. కంటికి మూడు అక్షరాలు. కంప్యూటరుకి ఏడు: ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. యూనికోడ్ తెలుగుని కంప్యూటర్లు మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే ఒక్కో దానికి 3 బైట్లు. మొత్తం 21. అదే మాటని ఇంగ్లీషు లిపిలో రాస్తే 8 బైట్లు. మధ్యరకం దిద్దుబాటుతో వెర్షన్ 1లో పట్టేది 14 బైట్లే, అంటే ఒక్క 'పుస్తకం' కోసం వెర్షన్ 2కి ఎక్కాలి.

అదే మాట వెబ్ చిరునామాలో వస్తే ఇంకా ఘోరం. చిరునామాలో తెలుగు అక్షరం నేరుగా వెళ్లదు. ఒక్కో బైటునీ శాతం గుర్తు, దాని వెనక రెండు అక్షరాలుగా మార్చి పంపుతారు. 21 బైట్లు కాస్తా 63 అక్షరాలవుతాయి. మీ బ్రౌజరు పైపట్టీలో తెలుగు అందంగా కనిపిస్తుంది, అక్కణ్ణుంచి కాపీ చేసి వేరేచోట అతికించండి, శాతం గుర్తుల ఊరేగింపు బయటపడుతుంది. పేజీ లోపల ఎంత తెలుగైనా రాసుకోండి. పేజీ చిరునామాలో మాత్రం వద్దు.

మరి చిరునామాలో ఏం పెట్టాలి? అంకె పెట్టండి. మిషన్‌కి 11, పనిముట్ల పెట్టెకి 12, పాత క్యాసెట్ల అట్టపెట్టెకి 13. పేర్లు మారుతుంటాయి, అంకెకి ఆ బాధ లేదు. ఏ అంకె ఏ వస్తువుదో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ నోటుపుస్తకం లేకుండా మొదలుపెట్టినవాళ్లు పది కోడ్‌లు దాటగానే తికమకపడతారు.

అంకెలు పెట్టడంలో ఇంకో లాభం ఉంది. క్యూఆర్ కోడ్‌లో అక్షరాలు దాచే పద్ధతులు నాలుగు. మనకి కావలసినవి రెండు. బైట్ పద్ధతిలో ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి 8 బిట్లు, అంటే ఒక బైటు. రెండో పద్ధతిలో అంకెలు, ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఖాళీ, చుక్క, కోలన్, వాలుగీత వంటి కొన్ని గుర్తులు, మొత్తం 45 మాత్రమే వాడొచ్చు. కానీ రెండు అక్షరాలు కలిపి 11 బిట్లలో ఇరుక్కుంటాయి. చిరునామా మొదట్లో వచ్చే హెచ్‌టీటీపీఎస్‌కి, డొమైన్ పేరుకి (అంటే సైటు పేరుకి) చిన్నక్షరమా పెద్దక్షరమా అన్న పట్టింపు లేదు. డొమైన్ తర్వాత వాలుగీత దాటాక వచ్చే భాగానికి మాత్రం ఉండొచ్చు, అది సర్వర్‌ని బట్టి. అక్కడ మనం పెట్టింది అంకె కదా, ఇక గొడవే లేదు. కాబట్టి మొత్తం చిరునామాని పెద్దక్షరాల్లో టైపు చేసి కోడ్ తయారుచేయండి.

లెక్క చూద్దాం. హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు వాలుగీతలు కలిపి 8. డొమైన్ చుక్కతో సహా 12 అనుకుందాం. వాలుగీత 1. అంకె 2. మొత్తం 23. చిన్నక్షరాల్లో అయితే వెర్షన్ 2లో మధ్యరకం దిద్దుబాటు దాకానే పడుతుంది, దాని హద్దు 26. పెద్దక్షరాల్లో అయితే అదే సైజులో పై స్థాయికి కూడా పడుతుంది, అక్కడ హద్దు 29. ఒక్క గడి పెరగకుండా కోడ్ గట్టిపడింది.

గట్టిదనం అంటే ఏమిటో చెప్పాలి కదా. ఎల్, ఎం, క్యూ, హెచ్ అని నాలుగు స్థాయిలు. ఇప్పటిదాకా మధ్యరకం అన్నది ఎం, దాని పై స్థాయి క్యూ. వరసగా సుమారు 7, 15, 25, 30 శాతం సమాచారం చెడినా తిరిగి రాబట్టుకోగలవు. రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1960లో ప్రచురించిన గణితం ఇది. సీడీ మీద గీతలు పడినా పాట వినిపించేది కూడా దాని పుణ్యమే. వస్తువుల మీద అతికించేదానికి నేను క్యూ వాడతాను. హెచ్ పెడితే మన 23 అక్షరాలకి వెర్షన్ 3, అంటే 29 × 29 కావాలి. మధ్యలో బొమ్మ ఇరికించాలన్న మోజు ఉంటే తప్ప అది అక్కర్లేదు.

ఎవరి చిరునామా?

'కోడ్ అచ్చు వేశాక కూడా లింకు మార్చుకోవచ్చు' అని ఊరించే సైట్లు చాలా ఉన్నాయి. వాళ్లు చేసేది మాయేం కాదు. కోడ్‌లో వాళ్ల పొట్టి చిరునామా పెడతారు, అక్కడికి వెళ్లిన ఫోనుని మీ లింకుకి మళ్లిస్తారు. ఆలోచన మంచిదే. తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గరుంటుంది.

నేను మొదట్లో అలాంటి ఉచిత సేవ ఒకటి నమ్మి, నా అరలోని 60 పుస్తకాల లోపలి అట్టలకి కోడ్‌లు అతికించాను. ఒక్కో పుస్తకం గురించి నేను రాసుకున్న నోట్సు తెరుచుకునేది. కొన్ని వారాలు హాయిగా నడిచింది. తర్వాత ఏ పుస్తకం స్కాన్ చేసినా 'గడువు ముగిసింది, చందా కట్టండి' అన్న పేజీ. అరవై స్టిక్కర్లూ గోటితో గీకాను. జిగురుతో పాటు అట్ట పొర ఊడొచ్చిన పుస్తకాలు ఇప్పటికీ అరలో ఉన్నాయి. నోట్సు ఎక్కడికీ పోలేదు, దానికి దారే పోయింది.

కాబట్టి మీ సొంత డొమైన్ పెట్టండి. అది లేనివాళ్లు, కనీసం తమ చేతిలో ఉన్న సైటులో పేజీ పెట్టండి. 11 అన్న పేజీ తెరిస్తే అక్కడ వీడియో, కింద నాలుగు మాటలు: ఏ నంబరు సూది, నూనె ఎక్కడ వేయాలి, చివరిసారి బాగుచేసింది ఎప్పుడు. వీడియో ఉన్న చోటు రేపు మారితే ఆ పేజీలో ఒక్క లింకు దిద్దుతారు, మిషన్ మీది స్టిక్కర్‌ని ముట్టుకోరు. పేజీ బదులు నేరుగా మళ్లింపు పెట్టేవాళ్లకి ఒక హెచ్చరిక: బ్రౌజరుకి సర్వర్ పంపే మళ్లింపు సంకేతాల్లో 301 వాడకండి, 302 ('తాత్కాలికంగా మారింది') వాడండి. 301 అంటే 'శాశ్వతంగా మారింది' అని అర్థం, బ్రౌజర్లు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. మీరు దారి మార్చినా ఒకసారి స్కాన్ చేసిన ఫోను పాత చోటికే పోవచ్చు.

నెట్ అందని చోట ఉండే వస్తువైతే చిరునామా మానేసి నేరుగా మాటలే కోడ్‌లో పెట్టొచ్చు. పైన చెప్పిన మూడు బైట్ల లెక్క మరిచిపోకుండా, పొదుపుగా.

అచ్చు

బొమ్మలు గీసే ప్రోగ్రాం ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూ, అందులో రెండర్, అందులో బార్‌కోడ్, అందులో క్యూఆర్ కోడ్. ఉచితం, మీ కంప్యూటర్లోనే పనిచేస్తుంది, ఎవరి సర్వర్‌కీ మీ చిరునామా వెళ్లదు. దిద్దుబాటు స్థాయి అక్కడే ఎంచుకోవచ్చు. ఎస్‌వీజీగానో పీడీఎఫ్‌గానో దాచండి. జేపెగ్‌గా దాచి సాగదీస్తే గళ్ల అంచులు మసకేస్తాయి.

కోడ్ చుట్టూ నాలుగు గళ్ల వెడల్పున తెల్లటి ఖాళీ వదలాలి. ఇది అందం కోసం కాదు, ప్రమాణంలోనే ఉంది. ఒక్కో గడి మిల్లీమీటరు అనుకుంటే 25కి అటు 4, ఇటు 4. లేబుల్ 33 మిల్లీమీటర్లు. స్థలం మిగులుతోందని ఆ ఖాళీలో 'నన్ను స్కాన్ చేయండి' అని రాసేస్తారు. రాయాలనుంటే దాని బయట రాయండి. అక్కడే చిరునామాని కూడా మామూలు అక్షరాల్లో రాయండి. కెమెరా పాడైనవాళ్లు టైపు చేసుకుంటారు.

సైజుకి మోటు లెక్క: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు. మిషన్ ముందు కూర్చున్న మనిషి ఫోనుకీ స్టిక్కర్‌కీ మధ్య 25 సెంటీమీటర్లు ఉంటుంది, కాబట్టి మన రెండున్నర సెంటీమీటర్లు సరిపోతాయి. నల్లగళ్లు, తెల్ల నేల. తిరగేసి తెల్లగళ్లు నల్ల నేల మీద వేస్తే కొన్ని స్కానర్లు గుర్తుపట్టవు.

ఇక ఎక్కడ అతికించాలి? నేను ముందు మిషన్ పైచేయి మీద అతికించాను, ఎదురుగా కనపడుతుందని. అక్కడ వంపు ఉంది, పైగా మిషన్ దీపం సరిగ్గా దాని మీదే పడుతుంది. నున్నటి స్టిక్కర్ కావడంతో కోడ్ మధ్యలో తెల్లటి మెరుపు మరక, ఫోను ఎటు తిప్పినా పోలేదు. మెరుపు లేని స్టిక్కర్ మీద మళ్లీ అచ్చు వేసి, కుడివైపు స్తంభం మీద చదునుగా ఉన్న చోటికి మార్చాను. బట్ట రాసుకోని చోటు, నూనె చేయి పడని చోటు. మొదటిసారికే చదివింది.

ఇంటిపని

మీ వస్తువుకి 30 అక్షరాలు మించని చిరునామా ఒకటి సిద్ధం చేసుకుని రెండు కోడ్‌లు అచ్చు వేయండి: ఒకటి ఎల్ స్థాయి, ఒకటి హెచ్ స్థాయి. గోరంత కాగితం ముక్క కత్తిరించండి. ముందు రెండిటి మధ్యలోనూ పెట్టి స్కాన్ చేయండి. ముక్క సైజు కొంచెం కొంచెం పెంచుతూ ఏది ఎక్కడ ఆగిపోతుందో రాసుకోండి. తర్వాత మూల చదరాన్ని పూర్తిగా కప్పేంత ముక్క తీసుకుని హెచ్ కోడ్ మూల మీద పెట్టండి. అన్ని స్థాయిల్లోకీ గట్టిదైన హెచ్‌కి ఏమైందో, ఎందుకైందో ఒక్క వాక్యంలో రాయండి. జవాబు ఈ పాఠంలోనే ఉంది.

వచ్చే పాఠానికి మీ స్టిక్కర్ వస్తువు మీద ఉండాలి. దాని మీద ఎవరో ఇంకో స్టిక్కర్ అతికించి మన మనుషుల్ని వేరే చోటికి పంపితే ఎలా పట్టుకోవాలో అప్పుడు చూద్దాం.