కుక్కతో మోటార్‌హోమ్‌లో స్కాట్లాండ్ ఉత్తర తీరం

ఇన్వర్నెస్‌లో బయలుదేరి మళ్లీ అక్కడికే చేరే నార్త్ కోస్ట్ 500 మార్గం 516 మైళ్లు. కుక్క వెంట ఉంటే దీనికి పది రోజులైనా పెట్టుకోండి. రోజుకు 60 మైళ్లు దాటొద్దు. రెండు గంటలకోసారి దాన్ని దింపి నడిపించాలి, పైగా ఒక్క బండి పట్టే రోడ్ల మీద ఆ 60 మైళ్లకే సగం పూట పోతుంది.

బండి 6 మీటర్లలోపు ఉంటే మేలు. యాపిల్‌క్రాస్ వెళ్లే బ్యాలఖ్ న బా కనుమ 626 మీటర్ల ఎత్తులో, 20 శాతం వాలుతో, మెలికలు తిరుగుతూ ఉంటుంది. పెద్ద బండ్లు రావద్దని అక్కడి బోర్డే చెబుతుంది. షీల్డేగ్ వైపు నుంచి తీరం రోడ్డు పట్టుకోండి. దూరం ఎక్కువే, కానీ క్లచ్ బతుకుతుంది. బరువూ చూసుకోండి. మామూలు కారు లైసెన్సుతో నడిపే చాలా మోటార్‌హోమ్‌లకు పరిమితి 3,500 కిలోలు. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. క్యాంప్‌సైట్ దగ్గరైతే ట్యాంకు సగమే నింపుకోండి.

కుక్కను వెనక మంచం మీద వదిలేసి నడపడం చాలామంది చేసే తప్పు. సడన్ బ్రేకు పడితే అది ముందుకు ఎగిరి వస్తుంది. ఛాతీకి వెడల్పు పట్టీలున్న హార్నెస్ వేసి సీటు బెల్టు బకిల్‌కు తగిలించండి. మెడ బెల్టుకు మాత్రం తగిలించొద్దు, కుదుపుకు మెడ విరుగుతుంది. టేబుల్ కాళ్లకు కట్టినా లాభం లేదు, ఊడొస్తాయి.

చలిదేశమే కదా అని దాన్ని లోపల పెట్టి తాళం వేసి వెళ్లొద్దు. బయట 22 డిగ్రీలున్నా ఎండలో ఆపిన కారు లోపల గంటలో 47 డిగ్రీలకు చేరొచ్చు. ఒకరు దుకాణానికి వెళ్తే ఇంకొకరు కుక్క దగ్గర ఉండాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద తంటా గొర్రెలతో. రోడ్డు మీదే పడుకుంటాయి, చాలాచోట్ల కంచె ఉండదు. తలుపు తెరవకముందే లీష్ తగిలించండి, తెరిచాక కాదు. గొర్రెపిల్లలున్న పొలంలోకి కుక్కతో అసలు వెళ్లొద్దు. ఏప్రిల్ నుంచి జులై దాకా నేల మీద గూడు పెట్టే పక్షులుంటాయి, అప్పుడు లీష్ పొట్టిగా పట్టుకోండి. కుక్క గొర్రెల మీద పడితే 2021 చట్టం ప్రకారం 40,000 పౌండ్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. ఆవులు మీదికొస్తే మాత్రం లీష్ వదిలేయండి. వాటి కోపం కుక్క మీదే, అది పరుగెత్తి తప్పించుకుంటుంది.

నడక అయ్యాక పిడుదుల కోసం చెవుల వెనక, చంకల్లో, కాలివేళ్ల మధ్య తడిమి చూడండి. దొరికితే ప్లాస్టిక్ టిక్ హుక్‌ను చర్మానికి ఆనించి మెల్లగా తిప్పుతూ తీయాలి. కిరోసిన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం, గట్టిగా నొక్కడం వద్దు. అలా చేస్తే పిడుదు కడుపులోది కుక్క రక్తంలోకి కక్కుతుంది. పిడుదు కాటుతో సోకే లైమ్ జబ్బు ముప్పు దాంతో పెరుగుతుంది.

మిగిలిన పులుసు, సాంబారు దానికి పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం. కిస్‌మిస్ వేసిన పాయసమూ అంతే. తాలింపు లేని పెరుగన్నం కొంచెం పెట్టొచ్చు.

చాలాచోట్ల గుడారం వేసుకునే హక్కు స్కాట్లాండ్‌లో ఉంది గానీ అది మోటారు బండ్లకు వర్తించదు. క్యాంప్‌సైట్ ముందే బుక్ చేసి, ఎన్ని కుక్కలను రానిస్తారో అడగండి. ఎదురు బండికి దారిచ్చే పాసింగ్ ప్లేసుల్లో రాత్రి ఆపొద్దు. మే నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు మిడ్జ్‌లనే చిన్న కుట్టే పురుగులు ముసురుతాయి. గాలి తగిలే చోటు చూసి ఆపితే వాటి బెడద తక్కువ.