ప్లాస్మా కట్టర్ కొనేముందు ఇంట్లో ఎర్తు ఉందో లేదో చూడండి

వానలు మొదలయ్యాయంటే ప్రతి ఏడూ పేపరు జిల్లా పేజీలో ఒక చిన్న వార్త కనిపిస్తుంది: వెల్డింగ్ పని చేస్తుండగా విద్యుదాఘాతం, ఒకరి మృతి. ఈసారి ఆ వార్త మా పక్క ఊరి నుంచే వచ్చింది. చనిపోయిన మనిషి షాపు నడిపేవాడు కాదు. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో ఇంటి వెనక రేకుల షెడ్డులో గేట్లు, స్టాండ్లు చేసుకునే యువకుడు. తక్కువ ధరలో వచ్చిందని ప్లాస్మా కట్టర్ (కరెంటు, గాలి కలిపి ఇనుమును కరిగించి కోసే యంత్రం) కొన్నాడు. తడి నేల మీద నిలబడి యంత్రాన్ని పక్కకు జరపబోయాడు. ఆ యంత్రానికి ఎర్తు లేదు.

గ్లోవ్స్ వేసుకోండి, నిప్పురవ్వలు పడే చోట పెట్రోలు పెట్టకండి వంటివి యంత్రం పెట్టె మీదే ఉంటాయి. వాటిని మళ్లీ చెప్పను. ఎన్ని ఆంపియర్లది కొనాలి, ఏ కంపెనీది కొనాలి అని నన్ను చాలామంది అడుగుతారు. మా ఇంట్లో ఎర్తు నిజంగా పనిచేస్తోందా అని మాత్రం ఎవరూ అడగరు. ముందు అది తేల్చుకోండి, యంత్రం సంగతి తర్వాత.

ఎర్త్ క్లాంపు వేరు, ఎర్తు వేరు

యంత్రం ముందువైపు నుంచి రెండు కేబుళ్లు వస్తాయి. ఒకటి టార్చిది, అంటే చేత్తో పట్టుకుని కోసే భాగానిది. రెండో దాని చివర పట్టకారు లాంటి క్లిప్పు ఉంటుంది. మన షాపుల్లో దాన్ని ఎర్త్ క్లాంపు అంటారు. కోయబోయే ఇనుముకు దాన్ని తగిలించగానే ఎర్తు ఇచ్చేశామని అనుకుంటారు. ఇవ్వలేదు. టార్చి లోపలి ఎలక్ట్రోడుకూ ఇనుముకూ మధ్య ఆర్క్ (ఇనుమును కోసే విద్యుత్ మంట) నిలవాలంటే సర్క్యూట్ పూర్తి కావాలి. ఆ కేబుల్ చేసేది అదొక్కటే. భూమితో దానికి సంబంధం లేదు. మనిషిని కాపాడే ఎర్తు వెనకవైపు సప్లై కేబుల్లో ఉంటుంది: ఆకుపచ్చ రంగు, లేదా ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్న మూడో వైరు.

చవక యంత్రాలు చాలావరకు ప్లగ్గు లేకుండా, వైర్ల కొసలు వదిలేసి వస్తాయి. రెండు వైర్లు కలిపితే చాలు, యంత్రం నడుస్తుంది, కోత కూడా బాగానే వస్తుంది. మూడో వైరుకు టేపు చుట్టి వదిలేస్తారు, లేదా మొదలంటా కత్తిరించేస్తారు. ఎర్తు లేదని ఏ యంత్రమూ ఆగిపోదు. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది.

బయటపడే గుర్తు ఒకటి ఉంది, దాన్నీ పట్టించుకోరు. ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే ఇన్వర్టర్ రకం యంత్రాల్లో కరెంటు లోపలికి వచ్చే చోట ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజునూ న్యూట్రల్‌నూ బాడీకి కలుపుతాయి. ఎర్తు లేకపోతే బాడీ మీద సప్లైలో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. ప్రవహించే కరెంటు స్వల్పం కాబట్టి చేతికి జిల్లుమంటుంది. "కొంచెం కొడుతుంది, ఏమీ కాదు" అని అలవాటు పడిపోతారు. ఏమీ కాకపోవడం కొన్నాళ్లే. యంత్రం ఫ్యాను షెడ్డులోని గ్రైండింగ్ పొడిని లోపలికి పీలుస్తుంది. ఆ ఇనుప పొడి బోర్డు మీద పేరుకుంటుంది. వానాకాలపు తేమ తోడైతే అదే దారిగా ఫేజు నేరుగా బాడీకి చేరుతుంది. నిన్నటిదాకా జిల్లుమన్న బాడీ మీద ఇవాళ 230 వోల్టులు ఉంటాయి. మీ కాళ్ల కింద తడి నేల.

బాడీ జిల్లుమంటే పని ఆపండి. ఎర్తు లేదు.

యంత్రం ఎంచుకునేటప్పుడు

ఇంటి పనికి 40 ఆంపియర్ల సింగిల్ ఫేజు యంత్రం చాలు. దానితో 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ప్లేటు శుభ్రంగా తెగుతుంది. పెట్టె మీద ఇంకా పెద్ద అంకె కనిపిస్తే, అది ఎలాగోలా విడిపోయే మందం, నీటుగా తెగే మందం కాదు. ఆరు మిల్లీమీటర్లు దాటని పనికి 60 ఆంపియర్ల యంత్రం కొని ఇంటి వైరింగ్‌ను పరీక్షించకండి. ప్రమాణాల లెక్క ప్రకారం 40 ఆంపియర్ల దగ్గర ఆర్క్ వోల్టేజి 96. అంటే బయటకు వచ్చేదే 3,840 వాట్లు. యంత్రం లోపలి నష్టాలు, పవర్ ఫ్యాక్టర్ కూడా లెక్కేస్తే లైను నుంచి 25 ఆంపియర్లు దాటి లాగుతుంది. మీ ఏసీకీ గీజరుకూ ఉన్న పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. పక్కనే రెండు హెచ్‌పీ కంప్రెసర్ కూడా తిరుగుతుంటుంది. కరెంటు బిల్లు మీద మీ కనెక్షన్ లోడు ఎంతో చూసి, ఆ తర్వాతే షాపుకు వెళ్లండి.

టార్చిని జాగ్రత్తగా చూడండి. మామూలు వెల్డింగ్ యంత్రంలో ఆర్క్ లేనప్పుడు రాడ్డు దగ్గర 60 నుంచి 80 వోల్టులుంటాయి. ప్లాస్మా కట్టర్‌లో 250, 300 వోల్టుల డీసీ, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. వెల్డింగ్ అలవాటున్న చేతికి ఈ తేడా తెలియదు, రాడ్డు మార్చినంత తేలికగా టార్చి కొసనుండే టిప్పును మార్చబోతుంది. మంచి టార్చిలో, ముందు కప్పు విప్పగానే ట్రిగ్గర్ పనిచేయకుండా చేసే ఏర్పాటు ఉంటుంది. షాపులోనే కప్పు విప్పించి, టార్చి ముందుభాగానికి ఎవరూ చేయి తగిలించకుండా ట్రిగ్గర్ నొక్కించి చూడండి. యంత్రం గాలి వదిలినా, టిక్కుమన్నా దాన్ని అక్కడే వదిలేసి రండి. ధర ఎంత తగ్గించినా సరే.

పైలట్ ఆర్క్, అంటే ఇనుముకు ఆనించకముందే టార్చిలో వెలిగే చిన్న ఆర్క్, ఉన్నదే తీసుకోండి. లేనిదైతే టిప్పును ఇనుముకు ఆనించి మొదలుపెట్టాలి. రంగు, తుప్పు ఉన్న రేకు మీద అంటుకోదు, టిప్పులు త్వరగా పోతాయి, మార్చడానికి మళ్లీ మళ్లీ టార్చి విప్పాల్సి వస్తుంది. పీటీ-31 టార్చితో వచ్చే చవక యంత్రాల్లో మామూలుగా పైలట్ ఆర్క్ ఉండదు. ఆర్క్‌ను హై ఫ్రీక్వెన్సీతో అంటించే రకమా, గాలి ఒత్తిడితో ఎలక్ట్రోడ్ వెనక్కి జరిగి అంటుకునే రకమా అని కూడా అడగండి. మొదటి రకం వేల వోల్టుల మెరుపును వాడుతుంది. అది పక్కనున్న కంప్యూటర్‌ను, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం) బోర్డును పాడుచేయగలదు. ఎర్తు సరిగా లేని చోట ఇంకా చెలరేగుతుంది.

డ్యూటీ సైకిల్, విడిభాగాల గురించి రెండు మాటలు. డ్యూటీ సైకిల్ 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే కోయాలి, అదీ ఎన్ని డిగ్రీల వేడిలో లెక్కకట్టారో చూడాలి. 40 డిగ్రీల దగ్గర చెప్పిన అంకె అయితేనే మన రేకుల షెడ్డుకు పనికొస్తుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఆ టార్చికి టిప్పులు, ఎలక్ట్రోడ్లు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.

యంత్రానికే డబ్బంతా పెట్టేయకండి. ఎర్తు గుంత, విడి లైను, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే పడిపోయి సప్లై ఆపే స్విచ్), గాలిలో నీటిని పట్టే ఫిల్టర్ కూడా ఈ కొనుగోలులో భాగమే. వీటికి డబ్బు మిగలకపోతే ఈ ఏడు యంత్రం కొనకండి.

గుంత ఒక్కటీ చాలదు

"మాకు ఎర్తు గుంత ఉంది" అనేవారికి ఈ లెక్క. గుంత రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకుందాం. ఫేజు బాడీకి తగిలితే 230ని 10తో భాగించగా 23 ఆంపియర్లు ప్రవహిస్తాయి. మీరు పెట్టిన 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్) దీనికి పడదు. బాడీ మీద వోల్టేజి అలాగే నిలిచి ఉంటుంది. అందుకే గుంతతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఇన్వర్టర్ యంత్రం కాబట్టి ‘టైప్-A’ రకాన్నే అడిగి తీసుకోండి.

ఎర్తు లేని ఇళ్లలో కొందరు ఇంకా ఘోరమైన పని చేస్తారు. ప్లగ్గు లోపల న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. పరీక్షకు బల్బు పెడితే ధగధగా వెలుగుతుంది, ఇంటివాళ్లు ఎర్తు ఉందని నమ్ముతారు. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున ఆ ప్లగ్గుకు తగిలించిన ప్రతి వస్తువు బాడీ మీదికీ ఫేజు వస్తుంది. దీన్ని పట్టుకునే దారి ఉంది. ఆర్‌సీసీబీ పెట్టించాక ఎలక్ట్రీషియన్‌తో ఫేజుకూ ఎర్తు పిన్నుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టించండి. ఎర్తు నిజమైనదైతే ఆర్‌సీసీబీ వెంటనే పడిపోవాలి. పడకుండా బల్బు నిలకడగా వెలిగితే లోపల న్యూట్రల్ ముక్క ఉంది. బల్బూ వెలగక, ఆర్‌సీసీబీ కూడా పడకపోతే ఎర్తే లేదు.

ఆర్‌సీసీబీ ఉందని టార్చితో ధైర్యం చేయకండి. యంత్రం లోపలి ట్రాన్స్‌ఫార్మర్ టార్చి వైపు సర్క్యూట్‌ను ఇంటి లైను నుంచి విడదీస్తుంది. ఒక చేయి టార్చి ఎలక్ట్రోడుకు, ఇంకో చేయి ఇనుముకు తగిలితే ఆర్‌సీసీబీకి ఆ సంగతే తెలియదు.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను.

– టిప్పు మార్చాలంటే స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు టార్చి ముట్టుకోండి. ప్రతిసారీ.

– ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతోందని తీసేయకండి. అది ఎందుకు పడుతోందో వెతకండి.

– పొలంలో మోటారు స్టార్టర్ డబ్బా నుంచి వైర్లు లాగి యంత్రం నడపకండి.

– 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను వేయించండి. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. చుట్టగా ఉంచిన వైరు ఇంకా వేడెక్కుతుంది.

– ఎర్తు వైరును నీళ్ల పైపుకు కట్టకండి. అవతల కుళాయి తిప్పేది మీ ఇంటివాళ్లే.

– క్లాంపును కోసే ముక్కకే పెట్టండి. పక్కనున్న గేటుకో పిల్లర్ చువ్వకో పెడితే కరెంటు తన దారి తాను వెతుక్కుంటుంది, ఇంటి ఎర్తు వైరునే కాల్చేయవచ్చు.

– తడి చెప్పులతో, తడి గ్లోవ్స్‌తో వద్దు. కాళ్ల కింద పొడి చెక్క పలక, దాని మీద రబ్బరు చాప.

– షెడ్డు కారుతుంటే ఆ రోజు పని లేదు.

– కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదిలేయండి. కాకినాడ, విశాఖ, నెల్లూరు వైపు వానాకాలంలో ఒక్క పూటకే నీరు చేరుతుంది. తడి గాలికి ఎలక్ట్రోడ్, టిప్పు రెండూ పాడవుతాయి. అవి ఎంత త్వరగా పోతే మీరు టార్చిని అన్నిసార్లు విప్పాలి.

– గాలి చాలడం లేదని ఆక్సిజన్ సిలిండర్ తగిలించకండి. గాలి టార్చి మండిపోతుంది.

– మూత బిగించిన డ్రమ్ము, డీజిల్ ట్యాంకు, ఎన్నాళ్లుగా ఖాళీగా ఉన్నదైనా సరే, కోయకండి.

– బ్రేక్ క్లీనర్ వంటి క్లోరిన్ ద్రావకాలతో తుడిచిన ఇనుము దగ్గర ఆర్క్ వెలిగించకండి. విషవాయువు పుడుతుంది.

– గాల్వనైజ్డ్ రేకు తలుపులు తీసిన చోటే. స్టెయిన్‌లెస్ స్టీలు పొగ అంతకంటే చెడ్డది.

– 40 ఆంపియర్ల దాకా 5వ నంబరు షేడు అద్దం. చలువ కళ్లద్దాలు పనికిరావు.

– నెలకోసారి ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, పొడి గాలితో యంత్రం లోపలి ఇనుప పొడి ఊదేయండి. గ్రైండర్ పని యంత్రానికి దూరంగా చేయండి.

– ఎర్తు గుంతలో వేసవిలో నీళ్లు పోయండి. వానలకు ముందు ఎలక్ట్రీషియన్‌తో రెసిస్టెన్స్ కొలిపించండి. క్లాంపు పెట్టాం కదా అని ఇది మానకండి. క్లాంపు ఎర్తు కాదు.

– సెకండ్ హ్యాండ్ యంత్రం తెచ్చారా? ప్లగ్గు విప్పి మూడో వైరు ఉందో లేదో కళ్లతో చూడండి. అమ్మినవాడి మాట నమ్మవద్దు.

– యంత్రం మరమ్మతుకు వెళ్లి వచ్చిందా? మళ్లీ ప్లగ్గు విప్పి చూడండి.

– ఒంటరిగా పని చేయకండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. ఎవరైనా యంత్రానికి అతుక్కుపోతే మనిషిని పట్టుకుని లాగవద్దని, ముందు మెయిన్ ఆపి, తర్వాత 108కు ఫోన్ చేయమని ఈ రోజే చెప్పండి.