ఆదివారం బ్రంచికి బత్తాయి మిమోసా, నిమ్మకాయ ఫ్రెంచ్ 75: గ్యాస్ పోకుండా, చేదెక్కకుండా

మిమోసా అంటే స్పార్క్లింగ్ వైన్‌లో, అంటే బుడగలొచ్చే వైన్‌లో, జ్యూస్ కలిపి చేసేది; ఫ్రెంచ్ 75 అంటే జిన్ అనే ఘాటు మందు, నిమ్మరసం కలిపి పైన అదే వైన్ పోసేది. మిమోసాకి బత్తాయి జ్యూస్‌ని ముందురోజు రాత్రే తీసి ఫ్రిజ్‌లో పెట్టకండి. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు, ఇది మాత్రం తప్పొద్దు. ఒకసారి ఎనిమిది మంది వస్తున్నారని, పొద్దున్నే హడావుడి ఉండకూడదని, శనివారం రాత్రి కూర్చుని రెండు డజన్ల కాయలు పిండి జగ్గులో పోసి పెట్టాను. అప్పుడు రుచి చూస్తే ఎంత బాగుందో. పొద్దున పదకొండింటికి అదే జ్యూస్ నోట్లో పోసుకుంటే మొదట తీపి తగిలి, మింగాక నాలుక వెనకాల చేదు పట్టుకుంది, ఎంతకీ వదల్లేదు. పంచదార కలిపినా లాభం లేకపోయింది. చల్లగా పెట్టుకున్న మంచి వైన్ సీసా దానికే బలైపోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తర్వాత తెలిసిందేమిటంటే, బత్తాయి గింజల్లో, తొనల పొరల్లో ఉండే ఒక పదార్థం కాయలో ఉన్నంతసేపు చేదుగా ఉండదు. పిండాక జ్యూస్‌లోని పులుపు తగిలి అదే నెమ్మదిగా లిమోనిన్‌గా మారుతుంది. ఆ లిమోనినే చేదు. గింజలు నలిగేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. అందుకే మిక్సీ వద్దు, చేత్తో తిప్పే పిండుడు గిన్నె చాలు, అది కూడా తెల్లటి తొక్క గీరుకునేదాకా తిప్పకండి. జ్యూస్ ధారగా పడటం ఆగగానే ఆపేయండి. కాయకి రెండు చెంచాలు తక్కువొస్తాయి, రానివ్వండి. వెంటనే టీ జాలీతో వడకట్టి, చుట్టాలు వచ్చే అరగంట ముందు మాత్రమే తీసి చల్లగా పెట్టుకోండి. నాగపూర్ కమలాలు వాడినా ఇదే జాగ్రత్త.

మిమోసా అంటే ఆరెంజ్ జ్యూస్ కదా, బత్తాయి ఏంటి అంటారేమో. నల్లగొండ వైపు బత్తాయి అని, అనంతపురం వైపు చీనీ అని పిలిచే మన సాత్‌గుడి కాయ అచ్చంగా స్వీట్ ఆరెంజ్ జాతిదే. తొక్కకి నారింజ రంగు రావాలంటే రాత్రుళ్ళు బాగా చల్లబడాలి, మన దగ్గర అంత చలి ఉండదు కాబట్టి పండినా పచ్చగానే ఉంటుంది, అంతే తేడా. పులుపు తక్కువ కాబట్టి పొద్దున్నపూట తాగడానికి ఇంకా హాయిగా ఉంటుంది. రంగు కావాలనుకుంటే చలికాలంలో నాలుగు బత్తాయిలకి ఒక కమలా కలపండి. డబ్బా జ్యూస్ మాత్రం వద్దు, ఎందుకంటే వాటిలో చాలావాటికి పంచదార ముందే కలిపి ఉంటుంది, దాని మీద వైన్ పోస్తే రెండూ పాడవుతాయి.

ఇక సీసా సంగతి. షాంపేన్ అనే పేరు ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ప్రాంతంలో చేసిన వైన్‌కే చెల్లుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. జ్యూస్‌లో కలపడానికి అంతది అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. నాసిక్‌లో తయారయ్యే సూలా, షాండన్ స్పార్క్లింగ్ వైన్లు చక్కగా సరిపోతాయి. ఇటలీ ప్రొసెకో, స్పెయిన్ కావా దొరికినా మంచిదే. చూడాల్సింది లేబుల్ మీద 'బ్రూట్' అని ఉందా లేదా అని. బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల లోపే చక్కెర. 'ఎక్స్‌ట్రా డ్రై' అనే పేరు చూసి ఇంకా తక్కువ తీపి అనుకోకండి, అది బ్రూట్ కంటే తియ్యగా ఉంటుంది. తీపి మనకి బత్తాయి నుంచి ఎలాగూ వస్తుంది.

వైన్ షాపులో అది అరలో వేడిగానే ఉంటుంది, తెచ్చిన వెంటనే తీయడానికి లేదు. ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టేయండి, టెన్షన్ ఉండదు. మర్చిపోతే బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్ళు పోసి సీసాని మెడ దాకా ముంచి అరగంట ఉంచండి. ఒట్టి ఐస్ అయితే గాలి సందులు ఉంటాయి కాబట్టి చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, నీళ్ళు తప్పనిసరి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే సీసా పగిలిపోవచ్చు. చల్లగా ఉంటేనే గ్యాస్ వైన్‌లో కరిగి ఉంటుంది, వేడెక్కితే ఒక్కసారిగా బయటికొచ్చి సగం నేల పాలు, మిగిలిన సగం చప్ప.

తీసేటప్పుడు సినిమాల్లోలా ఊపకండి. లోపల 5, 6 రెట్ల వాతావరణ పీడనం ఉంటుంది, ఎగిరిన బిరడా కంటికి తగిలితే చాలా ప్రమాదం. పైన రేకు తీసేసి, బిరడా మీద బొటనవేలు గట్టిగా పెట్టి, తీగని ఆరు అరతిప్పులు తిప్పి వదులు చేయండి. తీగని తీసేయకుండా దాంతో సహా బిరడాని పట్టుకోండి. సీసాని 45 డిగ్రీలు వంచి, గోడవైపు తిప్పి, బిరడాని కదపకుండా సీసాని మాత్రం అడుగున పట్టి మెల్లగా తిప్పండి. బిరడా తనంతట తాను పైకి రావాలని చూస్తుంది, మీరు దాన్ని కొంచెం వెనక్కి నొక్కుతూనే ఉండాలి. చివర్లో ఢాం అనకుండా నిట్టూర్పులాంటి చిన్న 'స్స్' వినిపిస్తే సరిగ్గా తీసినట్టు.

మిమోసాకి నేను గ్లాసు వంచి ముందు వైన్ 75 మి.లీ. పోస్తాను, నురగ తగ్గనిచ్చి తర్వాత బత్తాయి జ్యూస్ 75 మి.లీ. జ్యూస్ బరువు కాబట్టి కిందికి దిగుతూ తానే కలిసిపోతుంది, చెంచా పెట్టక్కర్లేదు. చెంచాతో తిప్పిన ప్రతిసారీ గ్యాస్ పోతుంది. గుజ్జు ఉన్నా అంతే, తునకల చుట్టూ బుడగలు చేరి నురగ పొంగుతుంది, వడకట్టమన్నది అందుకు కూడా. ఐస్ వేయొద్దు, పలచబడుతుంది. సన్నగా పొడుగ్గా ఉండే గ్లాసులు మంచివి, సబ్బు వాసన లేకుండా కడిగి ఆరబెట్టుకోండి. ఈ లెక్కన 750 మి.లీ. సీసాకి పది గ్లాసులొస్తాయి. వైన్ రుచి ముందుండాలనుకునేవాళ్ళకి రెండు వంతుల వైన్, ఒక వంతు జ్యూస్ కలపండి, దాన్ని బక్స్ ఫిజ్ అంటారు, లండన్‌లోని బక్స్ క్లబ్‌లో 1921లో పుట్టింది.

నాకు మాత్రం మిమోసా కంటే ఫ్రెంచ్ 75 ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి వాళ్ళు వాడిన 75 మి.మీ. ఫిరంగి పేరు దీనిది, ఆ పేరుకి తగ్గట్టే గట్టిగా ఉంటుంది కాబట్టి మనిషికి ఒకటి చాలు. జిన్ 30 మి.లీ., నిమ్మరసం 10 మి.లీ., పంచదార పాకం 15 మి.లీ. మూతున్న డబ్బాలో ఐస్‌తో బాగా కుదిపి గ్లాసులోకి వడకట్టి, పైన వైన్ 60 మి.లీ. నెమ్మదిగా పోయాలి. ఇక్కడ మాత్రం వైన్ ఆఖర్న, దాన్ని కుదిపారంటే మూత ఎగిరిపోతుంది. నిమ్మరసం కూడా విదేశీ కొలత ప్రకారం 15 మి.లీ. అంటారు కానీ అది పెద్ద పసుపుపచ్చ లెమన్‌కి, మన చిన్న నిమ్మకాయకి పులుపెక్కువ, 10 మి.లీ.తో మొదలుపెట్టి రుచి చూసుకోండి. పాకం అంటే గ్లాసు పంచదార, గ్లాసు నీళ్ళు, పంచదార కరగగానే దించేయాలి, తీగపాకం దాకా పోనివ్వకండి. చివర్లో గోరంత నిమ్మతొక్క చెక్కి, పచ్చవైపు గ్లాసుకేసి పెట్టి మునివేళ్ళతో మడిచి నొక్కండి. వెలుతుర్లో చూస్తే సన్నటి తుంపర కనపడుతుంది. అది తొక్కలోని నూనె, గ్లాసు పెదాల దగ్గరికి రాకముందే వాసన వచ్చేస్తుంది.

మందు ముట్టనివాళ్ళకి, పిల్లలకి, బండి నడిపేవాళ్ళకి కూడా అంతే శ్రద్ధగా చేయండి, వాళ్ళ చేతిలో కూల్‌డ్రింక్ పెట్టి వదిలేయడం నాకు నచ్చదు. రాయలసీమ నన్నారి ఉండనే ఉంది. నన్నారి సిరప్ 30 మి.లీ., అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు ముందే కలిపి కరగనిచ్చి, అప్పుడు ఐస్, ఆఖర్న బాగా చల్లటి సోడా. ఉప్పు తర్వాత వేస్తే సోడా పొంగి బల్లంతా అవుతుంది.

తిండి ముందు పెట్టండి, ఖాళీ కడుపున ఇవి తొందరగా ఎక్కుతాయి. పెసరట్టు, అల్లం పచ్చడి పక్కన బత్తాయి మిమోసా భలే కుదురుతుంది, పచ్చడి ఘాటుకి తీపి, నేతికి బుడగలు. మిర్చి బజ్జీకి ఫ్రెంచ్ 75 మాత్రం వద్దు, జిన్ తగిలి మంట ఇంకా పెరుగుతుంది.

సీసాలో మిగిలితే మూతి దగ్గర చెంచా పెడితే గ్యాస్ ఆగుతుందనేది ఉత్తమాట. దీనికి నొక్కి బిగించే ప్రత్యేకమైన మూత దొరుకుతుంది, అది పెట్టి ఫ్రిజ్‌లో నిలబెడితే మర్నాటికి బాగానే ఉంటుంది. సాయంత్రం రెండు బత్తాయిలు మళ్ళీ అప్పటికప్పుడు పిండుకుంటే ఇద్దరికి చెరొక గ్లాసు వస్తుంది.