శిక్ష తగ్గించమంటే జడ్జి కాదన్నారా? అప్పీలు ఇలా వేయండి

అమెరికా ఫెడరల్ జైల్లో ఉన్న మీవాళ్ల శిక్ష తగ్గింపు మోషన్‌ను (కోర్టుకి పెట్టిన అర్జీని) జడ్జి కొట్టేస్తే, ముందు చూడాల్సింది క్యాలెండర్. ఆర్డర్ రికార్డులోకి ఎక్కిన రోజు నుంచి 14 రోజులే గడువు. సివిల్ కేసుల్లో దొరికే 30 రోజులో, 60 రోజులో ఇక్కడ ఉండవు, ఎందుకంటే దీన్ని క్రిమినల్ కేసులో భాగంగానే చూస్తారు. నోటీస్ ఆఫ్ అప్పీల్, అంటే అప్పీలు వేస్తున్నామని తెలిపే కాగితం, ఒక్క పేజీ చాలు, వాదనలన్నీ తర్వాత. పైకోర్టుకి కాదు, తీర్పిచ్చిన డిస్ట్రిక్ట్ కోర్టు క్లర్క్‌కే పంపాలి. లోపలున్నవాళ్లయితే గడువులోగా జైలు లీగల్ మెయిల్‌లో వేసి, ఆ తేదీతో, స్టాంపు ఖర్చు కట్టినట్టు డిక్లరేషన్ జతచేస్తే సరిపోతుంది. ఆలస్యమైందా? సరైన కారణం చూపితే జడ్జి ఇంకో 30 రోజుల వరకు ఇవ్వొచ్చు, అయినా దాన్ని నమ్ముకోకండి. ఫీజు 605 డాలర్లు. కట్టలేకపోతే మినహాయింపు అడగండి. "జడ్జి కఠినంగా ఉన్నారు" అంటే పైకోర్టు వినదు, చట్టాన్ని ఎక్కడ తప్పుగా అన్వయించారో, ఏ ముఖ్యమైన అంశాన్ని వదిలేశారో చూపించాలి.