ఎండాకాలంలో సదాపాకుతో జాగ్రత్త

సదాపాకు నూనె రాసిన పసిబిడ్డ వీపు మీద పొక్కులు లేచాయని, కుండీలో మొక్కను కత్తిరించిన ఇల్లాలి ముంజేతుల మీద ఎర్రటి చారలు తేలాయని ఈ ఎండల్లో మళ్లీ వింటున్నాం. 'ఆకు పడలేదు, అలర్జీ' అని సరిపెట్టుకుంటున్నారు. చాలావరకు అది అలర్జీ కాదు, ఎవరి చర్మమైనా అలాగే కాలుతుంది. నిమ్మ, కరివేపాకుల కుటుంబానికే చెందిన ఈ మొక్క రసంలో సొరాలిన్, బెర్గాప్టెన్ వంటి పదార్థాలుంటాయి. అవి అంటిన చోట ఎండలోని యూవీఏ (కంటికి కనిపించని ఒక రకం అతినీలలోహిత) కిరణాలు పడితే చర్మం కాలుతుంది.

అందరూ చేస్తున్న తప్పు ఒక్కటే: ఆకు రసం అంటిన ఒంటికి ఎండ తగలనివ్వడం.

పసిపిల్లల విషయంలో ఇది మరీ ఘోరం. ఆకు వేసి కాచిన నూనె రాస్తారు, ఆ వెంటనే లేత ఎండలో పడుకోబెడతారు. కాచితే ఆకు ఘాటు పోతుందనుకుంటారు. పోదు. ఆ పదార్థాలు నూనెలో కరిగి అందులోనే ఉండిపోతాయి. లేత ఎండలోనూ యూవీఏ ఉంటుంది, మబ్బు పూర్తిగా ఆపదు, కిటికీ అద్దమూ చాలావరకు ఆపలేదు. పసిబిడ్డలకు ఈ నూనె రాయకండి, ఆకు నూరి పట్టు వేయకండి.

మంట వెంటనే రాదు. ఒక రోజు గడిచాక ఎర్రబడుతుంది, రెండు మూడు రోజులకు పొక్కులు ముదురుతాయి. అప్పటికి ఆకు సంగతి ఎవరికీ గుర్తుండదు. పిల్లల ఒంటి మీద చారలు కొట్టిన వాతల్లా కనిపించి, ఇంట్లో లేనిపోని అనుమానాలు కూడా వస్తాయి. మానిన తర్వాత కూడా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది.

ఈ మొక్కను పెంచడం కష్టమేమీ కాదు. నీరు నిలవని మట్టి, రోజుకు ఆరు గంటల ఎండ, పైమట్టి ఆరాకే నీళ్లు. నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. కుండీ ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం. నడిచే దారి పక్కన, బట్టలారేసే తీగ కింద, పిల్లలు ఆడుకునే చోట వద్దు. రాసుకుంటూ వెళ్లినా రసం అంటుతుంది.

కత్తిరింపు పొద్దు వాలాకే. రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. గుడ్డ తొడుగులు రసం పీల్చి చర్మానికే పట్టిస్తాయి, అవి పనికిరావు. పసుపు పూలు విచ్చి కాయ కట్టే దశలో మరింత జాగ్రత్త. చెమట పట్టిన చేతులతో ముట్టుకోవద్దు, తడి చర్మం రసాన్ని తొందరగా పీలుస్తుంది. గడ్డి కోసే మిషన్ ఈ మొక్క మీద పెట్టకండి, తుంపరలు కాళ్ల మీదా ముఖం మీదా పడతాయి. పని కాగానే చేతులూ ముంజేతులూ సబ్బుతో కడగాలి. కత్తెర కూడా. కడిగాం కదా అని ఎండలోకి వెళ్లకండి, రెండు రోజులు ఆ చోటు బట్టతో కప్పి ఉంచండి. నిమ్మకాయలు పిండిన చేతులకూ ఇదే నియమం. గర్భిణులు సదాపాకు కషాయం తాగకూడదు, గర్భస్రావం కావచ్చు. నెల తప్పిందేమో అనుకునేవాళ్లు కూడా. మిగతావాళ్లూ లోపలికి తీసుకోకండి, ఎక్కువైతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పొక్కులు లేస్తే చల్లటి తడిగుడ్డ వేయండి. చిదమకండి. నిమ్మరసం, టూత్‌పేస్టు, మళ్లీ సదాపాకే రాయడం, ఏదీ వద్దు. ఎండలోకి అసలే వద్దు. పసిబిడ్డకైనా, కంటి దగ్గరైనా, పొక్కులు పెద్దవైనా ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఏ ఆకు తగిలిందో, ఎప్పుడు తగిలిందో, ఆ తర్వాత ఎండలో ఎంతసేపున్నారో ముందే చెప్పండి. మొక్క ఫొటో ఫోన్‌లో తీసుకెళ్లండి, రెమ్మ తెంపి చేత్తో పట్టుకెళ్లకండి.